నొప్పి పోయిన వారం

కృపకి ఏడో నెల నిండగానే నడుంనొప్పి పట్టుకుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అయినా బిళ్ళ మాత్రం ముట్టనంటే ముట్టనంది. ఏ మందు కడుపులో బిడ్డని ఏం చేస్తుందోనని ఆమెకి మహా భయం. పటమట వెళ్ళి డాక్టరమ్మని అడుగుదామనుకుంటూనే రోజులు నెట్టుకొచ్చింది.

అత్త అమలమ్మది చూస్తూ ఊరుకునే మనసు కాదు. కంకిపాడు చర్చి సంఘంలో ఆమె ప్రార్థనంటే పెద్ద పేరు. సాయంత్రమయ్యేసరికి కోడల్ని పక్కకి పడుకోబెట్టి, నడుముకి నూనె రాసి, చెయ్యేసి ప్రార్థన చేసేది. ఆపైన గ్లాసుడు రాగిజావ దగ్గరుండి తాగించేది.

నొప్పి పోయింది. తగ్గడం కాదు, ఎవరో వచ్చి పట్టుకుపోయినట్టే పోయింది. ఆదివారం కృప సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. అమలమ్మ మాత్రం తల వంచుకుంది. ఎంత వినయమోనని జనం మురిసిపోయారు, పాపం.

మంగళవారం మధ్యాహ్నం కృపకి ఇంట్లో ఏదో తక్కువైనట్టు అనిపించింది. కంచం ముందు కూర్చున్నాక తెలిసింది. రెండు ముద్దలు తినగానే లోపల తన్నే బిడ్డ తన్నడం లేదు. పొట్ట బిగుసుకుని, మునుపటికంటే చిన్నదైనట్టుంది. వేలితో నొక్కితే ఇరుకు గదిలో ఒత్తిగిలినట్టు ఏదో మెల్లగా కదిలి ఆగిపోయింది. నొప్పిని పట్టుకుపోయిన చెయ్యే బిడ్డ కోసమూ వచ్చిందనిపించి ఆమె అత్తని కేకేసింది.

అత్తాకోడళ్ళు అప్పటికప్పుడు ఆటో ఎక్కారు. డాక్టరమ్మ స్కానింగ్ చేసింది.

"గుండె కొట్టుకుంటోందమ్మా. కానీ ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది. నొప్పుల బిళ్ళలేమైనా వాడుతున్నావా?"

"ఒక్కటి కూడా ముట్టలేదండీ. ప్రార్థనతోనే తగ్గింది."

డాక్టరమ్మ చూపు అమలమ్మ మీదకి తిరిగింది. అమలమ్మ బావురుమంది.

"నా బిళ్ళలేనండీ. నాట్లప్పుడు నడుం పట్టేస్తే వేసుకునేదాన్ని. పిల్ల బాధ చూళ్ళేక నూరి జావలో కలిపాను. ప్రార్థనకి కాస్త సాయంగా ఉంటాయనుకున్నానండీ."

"పారాసిటమాల్ అయితే నన్నడిగి వేసుకోవచ్చు. ఇలాంటి గట్టి నొప్పుల బిళ్ళలు ఈ నెలల్లో పడితే బిడ్డ కిడ్నీలు, గుండె దెబ్బతింటాయి. వెంటనే ఆపితే నీరు మళ్ళీ పెరగొచ్చు. ఇక్కడే ఉండండి, చూద్దాం."

కృపకి కోపం ముంచుకొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచి, అత్త మొహం చూసి ఆగిపోయింది. అమలమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది.

"వినీల" అంది అమలమ్మ. పక్కింటి వినీలకి ఎనిమిదో నెల. "నీ సాక్ష్యం విని తనకీ ప్రార్థన చెయ్యమని వచ్చిందే. ఆదివారం నుంచీ..."

కృప వెంటనే ఫోన్ కలిపింది. అవతల వినీల గొంతు ఎంతో హుషారుగా ఉంది.

"అక్కా, నాకూ అద్భుతం జరిగింది! నొప్పి పోయింది. లోపల బిడ్డ అల్లరి కూడా పోయింది, పొద్దుట్నుంచి ఒక్క తన్నూ లేదు. ఆంటీ ఇచ్చిన జావ ఇంకో గ్లాసుంటే ఇప్పుడే తాగేశాను."