కాఫీ లెక్కలోకి రాదు

ఆ లాండ్రీలో ఇస్త్రీ గదిలోకి అడుగుపెడితే ముందు ముఖానికి తగిలేది ఆవిరి. ఆరు బల్లలు, ఆరు ఇస్త్రీ పెట్టెలు, గోడ వెంట వేడి గొట్టం. పైన తిరిగే రెండు ఫ్యాన్లు గదిని చల్లబరచవు, వేడిని ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తాయి, అంతే. మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడ పనిచేసేవాళ్ళంతా చెమటతో తడిసి ముద్దయ్యేవారు. అలాంటి గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర ఒకావిడ ముదురాకుపచ్చ స్వెటరు వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఆస్పత్రి తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తుండేది.

ఆమెకు స్వెటరమ్మ అని పేరు పడిపోయింది. "మనమంతా ఎండాకాలంలో ఉన్నాం, ఆవిడగారు కొండ మీద ఉన్నారు" అనేది గంజి కలిపే అక్క. అందరూ నవ్వేవారు. స్వెటరమ్మ కూడా నవ్వేది. తనొక్కతే నవ్వకపోతే బాగుండదు కదా.

ఆ గదిలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరని పాఠకులకు ముందే చెప్పాలి. ఒకరి పిల్లకు జ్వరమొస్తే ఇంకొకరు వాళ్ళ బల్ల కూడా చూసుకునేవారు. అయినా, వేడికి మనుషులు సొమ్మసిల్లే చోట ఒక మనిషికి చలి ఎందుకు వేస్తోందని ఏడాదిన్నరలో ఒక్కరూ అడగలేదు. జోకు బాగుండేసరికి అడగాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

ఆమెకు ఆరేళ్ళుగా షుగరు ఉంది. అది అందరికీ తెలుసు. తెలిసిన జబ్బు ఒకటి ఇంట్లో ఉంటే వచ్చే చిక్కు ఏమిటంటే, ఒంట్లో ఏ తేడా వచ్చినా దాని నెత్తినే వేస్తారు. నీరసమంటే షుగరు. ముఖం ఉబ్బితే షుగరు. దువ్వెన నిండా జుట్టు వచ్చినా షుగరే. గొంతు బొంగురుపోతే ఆడపడుచు ఫోనులోనే తేల్చేసింది, అదీ షుగరేనని. ఇక తిండి తగ్గిస్తున్నా బరువు పెరుగుతుంటే ఇంట్లోవాళ్ళకు ఒకటే తోచింది. దొంగచాటుగా తీపి తింటోంది.

అత్తగారు చక్కెర డబ్బాను తన బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసింది. కోడలి మేలు కోరే వేసింది. వారం తిరక్కుండా ఆ పెట్టెకు చీమలు పట్టాయి. మడతపెట్టిన బట్టలన్నీ కోడలు మంచం మీద పరిచి దులుపుతుంటే, బస్సు నడిపే ఆమె భర్త గుమ్మంలో నిలబడి, "చీమలు దొరికిపోయాయి. ఇంక నువ్వే మిగిలావు" అన్నాడు. ఆమె ఆ మాటకూ నవ్వింది. నవ్వి, ఆ పూట తిండి ఇంకో పిడికెడు తగ్గించింది.

ఒక రోజు మధ్యాహ్నం ఆస్పత్రి కోటు ఒకటి బల్ల మీద పరిచి, వీపు మీద పెట్టె ఆనించింది. ఒక్క రెప్పపాటు కళ్ళు మూశాననుకుంది. వాసనకు కళ్ళు తెరిచేసరికి రెండు భుజాల మధ్య ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

సూపర్‌వైజరు ఏనాడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు. తెల్లకోట్ల బల్ల దగ్గర మెలకువగా ఉండే మనిషి కావాలని, రెండు నెలలు చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే కిందికి పంపక తప్పదని చెప్పాడు. కిందికి అంటే మాసిన దుప్పట్లు విడదీసే గది. పని ఏదైనా పనే. కానీ పద్నాలుగేళ్ళుగా ఆ కిటికీ పక్క బల్ల ఆమెది. కాలరు అంచు వేళ్ళతో తడిమి, గంజి ఎంతవరకు దిగిందో చెప్పగలిగేది ఆ గదిలో ఆమె ఒక్కతే. తనకు బాగా వచ్చునని ధైర్యంగా చెప్పుకోగల పని ఆమెకు లోకంలో అదొక్కటే.

మాడిన కోటు ఆమే తీసుకెళ్ళి, తప్పయిందని చెప్పి రమ్మన్నారు.

ఆస్పత్రిలో కోట్లు తీసుకునేది ఒక నర్సు, వయసులో చిన్నది. మచ్చను చూసింది, తర్వాత మనిషిని చూసింది. కోటు పక్కన పెట్టేసింది.

"బయట ఎండ మండిపోతోంది. స్వెటరు ఎందుకు వేసుకున్నారక్కా?"

"చలి."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆ చిన్న ప్రశ్నకు ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరూ అడగకపోవడంతో తనూ గుర్తుపెట్టుకోలేదు. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. చర్మం గరుగ్గా, చల్లగా ఉంది. షుగరు సంగతి విని, థైరాయిడ్ పరీక్ష ఎప్పుడైనా చేయించారా అని అడిగింది. ఎప్పుడూ లేదు. ఆ రోజే రక్తం తీశారు.

మూడు రోజుల తర్వాత డాక్టరు చెప్పాడు. గొంతు కింద ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించిందని, దాంతో ఒళ్ళంతా మందగించిందని, షుగరు ఉన్నవాళ్ళలో ఇది కొత్తేమీ కాదని, రెండింటితోనూ హాయిగా బతకొచ్చని. షుగరు మాత్ర ఎప్పటిలా తిండితో వేసుకోవాలి. కొత్త మాత్ర రోజూ పరగడుపున. రెండు నెలలు తిరిగే లోపు మళ్ళీ పరీక్ష. బయట జనం చాలామంది ఉన్నారు. ఇంతకంటే చెప్పే తీరిక ఆయనకు లేదు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అత్తగారు లేచింది. లోపలికి వెళ్ళి, పెట్టె తాళం తీసి, చక్కెర డబ్బా తెచ్చి వంటింటి అరలో ఎప్పటి చోట పెట్టింది. క్షమించమని అడిగే అలవాటు ఆ తరానికి లేదు. మర్నాడు పొద్దున కోడలు ముఖం కడుక్కుని వచ్చేసరికి, చక్కెర లేని కాఫీ కప్పు, పక్కన సాసరులో ఆ చిన్న తెల్ల మాత్ర సిద్ధంగా ఉన్నాయి.

"ఒట్టి నీళ్ళతో మాత్ర ఏం దిగుతుంది. వేడివేడిగా దీంతో మింగు" అంది అత్తగారు.

కోడలికి కళ్ళు చెమర్చాయి. కాపురానికొచ్చి పదహారేళ్ళయింది. ఆమె చేతికి కాఫీ కప్పు అందించినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఆ రోజు నుంచి అత్తగారు ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

ఏడు వారాలు గడిచాయి. స్వెటరు గుండీ ఒక్కటి కూడా విప్పలేదు. పొద్దున లేస్తూనే ఒళ్ళు తడిసిన దుప్పటిలా బరువు. మెట్లెక్కితే ఆయాసం. సూపర్‌వైజరు గోడమీది క్యాలెండరు వైపు చూసినప్పుడల్లా ఆమె తల దించుకునేది. "మందు కూడా నిన్ను చూసి బద్ధకం నేర్చుకున్నట్టుంది" అన్నాడు భర్త, నవ్వించాలనే. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు. బయట మెట్టు మీద కూర్చుని మొదటిసారి అనుకుంది, అందరూ అంటున్నదే నిజమేమో, తనది జబ్బు కాదేమో, ఒట్టి సోమరితనమేనేమోనని. చుట్టూ ఉన్నవాళ్ళు ఆటకు తగిలించిన పేరు మనిషి లోపలికి దిగేది ఇలాగే.

మళ్ళీ పరీక్ష చేస్తే, ఎక్కువగా ఉన్న థైరాయిడ్ అంకె దాదాపు అక్కడే ఉంది. డాక్టరు మాత్ర మోతాదు పెంచబోతుంటే, పక్కనున్న నర్సు ఒక్క నిమిషం ఆగమంది. ఆ రోజు అత్తగారు కూడా వెంట వచ్చింది.

"పొద్దున కళ్ళు తెరిచినప్పటి నుంచి ఏం చేస్తారో ఒక్కొక్కటీ చెప్పండక్కా. చిన్నవి కూడా వదలొద్దు."

"లేస్తాను. ముఖం కడుక్కుంటాను. అత్తయ్య కాఫీ ఇస్తారు. దాంతో మాత్ర వేసుకుంటాను."

"పరగడుపున కదా వేసుకోమన్నాం?"

"పరగడుపునే. ఏమీ తినను."

"మరి కాఫీ?"

"కాఫీ లెక్కలోకి రాదు కదా."

అత్తగారు అందుకుంది. "కాఫీ తిండెలా అవుతుందమ్మా? పొద్దున ఎవరైనా పలకరిస్తే 'ఇంకా పరగడుపునే ఉన్నాను, ఒక్క కాఫీ పడిందంతే' అనమూ?"

నర్సు తనలో తనే నవ్వుకుంది. ఆ పొద్దున వాళ్ళమ్మకు ఫోనులో తనూ అదే మాట చెప్పి వచ్చింది.

తర్వాత నెమ్మదిగా వివరించింది. మన మాటలో కాఫీ లెక్కలోకి రాకపోవచ్చు, కడుపు లెక్కలో మాత్రం వస్తుంది. ఈ మాత్రను కాఫీతో గానీ పాలతో గానీ వేసుకుంటే చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుంది. ఒట్టి నీళ్ళతో వేసుకుని, గంట దాకా ఏమీ ముట్టకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలు వాడేవాళ్ళయితే వాటిని నాలుగు గంటలు దూరం పెట్టాలి. డాక్టరు పాత మోతాదే ఉంచి, చీటీ మీద పరగడుపున అన్న మాట కొట్టేసి, దాని బదులు ఇంకాస్త పొడుగ్గా రాశాడు: ఒట్టి నీళ్ళతో, తర్వాత గంట దాకా కాఫీ కూడా వద్దు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అత్తగారు అంది, "ఏడు వారాలు నా చేత్తోనే నీ మందును చెడగొట్టాను కదే."

"మీరేం చేస్తారత్తయ్యా. గంజి పెట్టిన కోటు మీద వెంటనే పెట్టె ఆనిస్తే గంజి గుడ్డకు పట్టదు, పెట్టెకు అంటుకుంటుంది. కాసేపు వదిలేయాలి, దారంలోకి దిగాలి. పద్నాలుగేళ్ళుగా నేను చేసే పనే అది. నా మాత్రకూ కాస్త వ్యవధి కావాలని నాకే తట్టలేదు."

అయితే సూపర్‌వైజరు పెట్టిన గడువు ఆ వారంతోనే తీరిపోతోంది. ఆమె ఇంటికి వెళ్ళలేదు. నేరుగా ఇస్త్రీ గదికి వెళ్ళి, అందరూ ఉండగానే అతని ముందు నిలబడింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"నాకు షుగరుంది. థైరాయిడ్ కూడా ఉంది. బద్ధకం లేదు. మందు తప్పుగా వేసుకున్నాను, ఇవాళే తెలిసింది. ఇంకో రెండు నెలలు ఈ బల్ల నాకు ఉంచండి సార్."

ఆ గదిలో తన గురించి ఆమె అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. సూపర్‌వైజరు చేతిలోని కాగితం మడిచాడు, విప్పాడు. గంజి అక్క తొట్టి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నాళ్ళూ కోట్ల వీపులు నేను చూసుకుంటా. కాలర్లు మాత్రం ఆమే చెయ్యాలి, నావల్ల కావు" అంది. తర్వాత స్వెటరమ్మ వైపు తిరిగి, కాస్త గొంతు తగ్గించి, "చలి అంటే నిజంగా చలేనా? నేనేదో అలవాటనుకున్నాను" అంది.

సూపర్‌వైజరు సరేనన్నాడు. మర్నాడు ఆ బల్ల కింద ఒక ఎత్తు స్టూలు కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంట్లో పొద్దులు మారాయి. కప్పు స్థానంలోకి నీళ్ళ గ్లాసు వచ్చింది. కోడలు మాత్ర మింగిన క్షణం నుంచి అత్తగారు గోడగడియారం కింద కుర్చీ వేసుకుని స్టవ్వుకు కాపలా కూర్చునేది. కోడలు తాగనప్పుడు ఇంట్లో కాఫీ వాసన కూడా రాకూడదని ఆమె పెట్టిన రూలు. "ఒకరికి థైరాయిడ్ వస్తే ఇంటిల్లిపాదికీ కాఫీ బందా?" అని భర్త గొణిగేవాడు. గొణుగుతూనే ఆ గంటలో బస్సు యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకోవడం నేర్చుకున్నాడు. కాలరు దగ్గర మాత్రం పెళ్ళాన్ని పిలిచేవాడు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. మూడో వారంలో గొంతు కాస్త తేటపడింది. అయిదో వారంలో ఒకరోజు అలారం మోగకముందే మెలకువ వచ్చింది. ఒక మధ్యాహ్నం, కాలరు తిప్పుతూ తిప్పుతూ, ఆమె స్వెటరు పై గుండీ తీసింది. ఆమె గమనించలేదు గానీ మిగతా అయిదు బల్లల దగ్గరా చేతులు ఆగాయి. పది రోజుల తర్వాత ఆకుపచ్చ స్వెటరు కిటికీ పక్క మేకుకు వేలాడింది. ఆమె నుదుటి మీద చెమట చూసి గంజి అక్క, "కొండ దిగావా తల్లీ?" అంది. ఆ నవ్వులో ఈసారి స్వెటరమ్మది నిజం నవ్వు.

గడువు నాటికి కోట్ల వీపులు కూడా ఆమె చేతికే తిరిగి వచ్చాయి. బల్ల ఆమెదే అయింది.

జబ్బులు రెండూ పోయాయని చెబితే అబద్ధమవుతుంది. షుగరు ఉంది, థైరాయిడ్ ఉంది. రెండు మాత్రలు, రెండు వేళలు, కొన్ని నెలలకోసారి పరీక్షలు. కొన్ని రోజులు అరికాళ్ళు మండుతాయి, అప్పుడు స్టూలు మీద కూర్చుంటుంది. బతుకు ఆగలేదు, దానికో పద్ధతి వచ్చింది, అంతే.

అంకె దిగిందని డాక్టరు చెప్పిన రోజు అత్తగారు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన ఒకామె మాత్రల పొట్లం పట్టుకుని తన కూతురి గురించి చెబుతోంది, పిల్ల పగలంతా ముడుచుకుని పడుకుంటుందని, ఒట్టి మొద్దు నిద్రని. అత్తగారు ఆ పొట్లం చూసి, కోడలు వేసుకునే మాత్రేనని గుర్తుపట్టి, ఇది దేనితో వేస్తున్నావని అడిగింది. కాఫీతో అంది ఆమె.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా కోడలికీ అలాగే ఇచ్చాను. అంతకుముందు దొంగతిండి తింటోందని చక్కెరకు తాళం వేశాను. అనుమానించినప్పుడూ దాన్ని అడగలేదు, ప్రేమగా చూసుకున్నప్పుడూ ఎవర్నీ అడగలేదు. మందగించిన మనిషిని చూస్తే బద్ధకమని పేరు పెట్టకమ్మా, ఎన్నాళ్ళ నుంచని అడుగు. మందు ఇచ్చేముందు ఎలా వేయాలో కూడా అడుగు. అడగడానికి మనకు పట్టేది ఒక్క నిమిషం, అడక్కపోతే పోయేది వాళ్ళ ఏళ్ళకేళ్ళు."