తడి తగలని చెయ్యి

పెరట్లో పంపు దగ్గర పీట మీద కూచుని అడుగంటిన పాలగిన్నెను రుద్దుతున్నాను. మా ఆయన వచ్చి ఫోను నా మొహానికి అడ్డం పెట్టి, "చూడవే, మా జోజిబాబు భార్య మొగుడి పేరు చేతి మీద వేయించుకుంది. వాడు స్టేటస్‌లో పెట్టాడు. మన పెళ్ళిరోజుకి నువ్వూ నా పేరు వేయించుకోరాదూ?" అన్నాడు. నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఆ చేతుల మీద ఆయనకి కనిపించింది తన పేరు పట్టేంత ఖాళీ.

ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి నాకు నిలకడ లేదు. వద్దనడానికి కారణం దొరకదు, సరే అనడానికి నోరు రాదు. బళ్ళో ఐదో తరగతికి భిన్నాలు చెబుతూ చెబుతూ సుద్దముక్క పట్టుకున్న చేతినే చూసుకుంటూ నిలబడిపోయేదాన్ని. మా ఇంట్లో స్టీలు సామానంతటి మీదా పేరు కొట్టించి ఉంటుంది. ఎవరింట్లో శుభకార్యానికి అరువిచ్చినా దారి తప్పకుండా తిరిగి రావాలని. మా అమ్మ వినగడప నుంచి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బిందె మీద కూడా, నేను బడి నుంచి వచ్చేలోపు మా ఆయన తన పేరు 'విశ్వతేజ' అని కొట్టించేశాడు. "నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి, ఇల్లొకటేగా" అన్నాడప్పుడు. ఇల్లొకటే. తోమేదాన్నీ ఒక్కదాన్నే.

"వేయించుకోవే అమ్మాయ్. మొగుడి పేరేగా, ఊళ్ళోవాడిది కాదుగా" అని మా అత్త సుబ్బాయమ్మ ఎగతాళి. ఆవిడ ముంజేతి మీదా ఒక పచ్చబొట్టు ఉంది. పాచి పట్టిన గచ్చులా అలుక్కుపోయిన మరక. అది మా మామగారు బసవపున్నయ్య పేరని చెబితే తప్ప తెలియదు.

"అదేంటి అత్తయ్యా, అట్టా అయింది?" అని ఆ రోజు అడిగాను.

"మా రోజుల్లో మొగుడి పేరు పలక్కూడదుగా. ఎవరన్నా అడిగితే చెయ్యి చూపించమని పొడిపించారు. తెల్లారితే పెనుగొలను పొలాల్లో నాట్లు. చెయ్యి వాచింది, రెండ్రోజులు ఆగుతానంటే మా అత్త వింటేనా? బురదలో దిగా. చీము పట్టింది. మానేసరికి ఇదిగో. ఓట్లు రాసేవాళ్ళొచ్చి మీ ఆయన పేరేంటమ్మా అంటే, నోటితో చెప్పలేను, చెయ్యి చూపిస్తే ఆళ్ళు చదవలేరు."

నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూనే ఆ చేతిని కొంగు కిందకి లాక్కుంది.

ఆదివారం బస్టాండు దగ్గర జ్ఞానమణి పార్లరుకి వెళ్ళాను. ముందు గదిలో కనుబొమ్మలు, వెనక గదిలో టాటూలు.

"పేరేంటండీ?" అంది జ్ఞానమణి.

"విశ్వతేజ."

"మీ పేరండీ."

"స్నిగ్ధ" అన్నాను. నా నోటికే కొత్తగా ఉంది. బయట నేను విశ్వతేజగారి మిసెస్‌ని, బళ్ళో మేడమ్‌ని, ఇంట్లో 'ఏమే'ని.

కుడి ముంజెయ్యి చాపితే ఆమె నా గోళ్ళు చూసి ఆగింది. "ముందే చెబుతున్నా మేడమ్. మానేదాకా రెండు వారాలు ఈ చెయ్యి నీళ్ళలో నానకూడదు. గిన్నెలు, బట్టలు, సబ్బు ఏవీ వద్దు. పనిచేసే చెయ్యి కదా, భుజం మీద వేయమంటారా?"

లేచాను. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూచున్నాను. పెళ్ళయ్యాక నా చెయ్యి రెండు వారాలు ఆరింది ఎప్పుడు? జ్వరంలో కూడా తడి గుడ్డ నా నుదుటి మీద నేనే పిండి వేసుకున్నాను. ఆరిన చెయ్యి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఎంత ఆశ పుట్టిందంటే, సిగ్గేసింది.

"ముంజెయ్యే. కుడిదే. పేరు వద్దు" అన్నాను.

కాగితం మీద ముగ్గు గీసిచ్చాను. రోజూ పొద్దున్నే వాకిట్లో వేసే ఐదు చుక్కల ముగ్గు. మా ఆయన కొట్టుకి బయల్దేరేటప్పుడు బండి టైరు సరిగ్గా దాని మీద నుంచే పోతుంది. సూది దిగుతుంటే నొప్పి పుట్టింది. మొదటిసారి, ఎవరి కోసమూ కాని నొప్పి.

గాజుగుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాను.

"ఏదీ, నా పేరు చూపించు" అన్నాడు మా ఆయన.

"మానాక చూద్దురుగాని. ఇప్పుడు తడి తగిలితే అలుక్కుపోతుందట, మామయ్యగారి పేరులాగా."

వాళ్ళమ్మ చెయ్యి చూశాడు. నా కట్టు చూశాడు. ఆ పూట గిన్నెలు పంపు దగ్గర ఎండిపోయాయి. పనిమనిషిని పెడదామన్నాడు. "పత్తి తీతల్లో ఎవరొస్తార్రా?" అంది అత్త. మర్నాడు లుంగీ ఎగ్గట్టి పీట మీద తనే కూచున్నాడు. "నా పేరు పాడవకూడదు కదా" అని ఎరువుల కొట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడట.

"ఈ అక్షరాల్లో జిడ్డు పోదేంటే?"

"పీచుకి రాదండీ. చింతపండు పెట్టి రుద్దాలి" అన్నాను కుర్చీలోంచి. తన పేరు తను తోముకుంటున్నాడు. హాయిగా ఉందా అంటే, లేదు. కుర్చీలో కూచోవడం నాకు రాదు. లేస్తాను, వాకిలి దాకా వెళ్తాను, వస్తాను. ఊరికే ఉన్న చెయ్యి ఎవరిదో మోస్తున్నట్టుంది. కట్టు విప్పితే ఇంట్లో పుట్టే గొడవ అప్పుడే చెవుల్లో వినిపిస్తోంది.

చివరికి ఒక సాయంత్రం, మందు రాసుకుంటుంటే అత్త వెనక నుంచి వచ్చేసింది. గుడ్డ కప్పేలోపే చెయ్యి పట్టుకుంది. పక్కు రాలిపోయి, గీతలన్నీ తేటగా తేలి ఉన్నాయి. ఆవిడకి చదవడం రాదు. కానీ వాకిట్లో ముగ్గేసిన ఏ ఆడదానికి ముగ్గు తెలియదు? ఆవిడ తన ముంజెయ్యి తెచ్చి నా చేతి పక్కన ఆనించింది. ముగ్గు పక్కన మరక.

"ఒక్క చుక్క చెదరలేదే" అంది.

పెరట్లోంచి మా ఆయన కేకేశాడు. "అమ్మా! మానిందేమో చూడవే. ఇంక నా వల్ల కాదు!"

అత్త గాజుగుడ్డ మళ్ళీ చుట్టి, తన చేత్తోనే ముడేసింది. బిగించి.

"ఎక్కడ్రా, ఇంకా పచ్చిగానే ఉంది. ఆ మూకుడు కూడా తోమెయ్."