తాళం తీసుకోని ఇల్లు

ఇరవై రెండు చుట్లు. ఒకటి తగ్గితే చివరి వీధిలో కుళాయిలు గాలి ఊది ఊరుకుంటాయి. ఒకటి ఎక్కువైతే మొదటి వీధిలో పైపు జాయింటు లేచిపోతుంది. తెల్లవారి ఐదున్నరకు రోడ్డు మధ్య నీళ్ళ వాల్వు గుంటలోకి వంగి, పొడుగాటి ఇనుపకడ్డీని రెండు చేతులా తిప్పుతూ ఆంథోని పదిహేడు దాకా లెక్కపెట్టాడో లేదో, మేడమీద నుంచి ఒక ఆడగొంతు లేచింది.

"ఏందన్నా, నిన్న పది నిమిషాల ముందే బంద్ చేసినవ్? బిందెలు సగం గూడ నిండలే."

"కరెంటు పోయిందమ్మా. ట్యాంకే నిండలే. నేనేం జేయాలె?"

"ఎప్పుడడిగినా కరెంటంటవ్."

ఆంథోని మిగిలిన ఐదు చుట్లూ తిప్పి, మూత వేసి, దాని మీద కాలితో రెండుసార్లు తొక్కి చూసుకున్నాడు. ఖమ్మంలో ఆరు కాలనీలకు నీళ్ళు వదలడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. వయసు యాభై ఏడు. బక్కపలచటి మనిషి. కడ్డీ తిప్పి తిప్పి కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది, చొక్కా ఎప్పుడూ అటే జారుతుంది. నీళ్ళలో నానీ నానీ కాలివేళ్ళ సందులు ఎండాకాలంలో కూడా తెల్లగా ఒరుసుకుపోయి ఉంటాయి. వాచీ చూడకుండా వాల్వు ముట్టడు. నిమిషం ముందు వదలడు, నిమిషం ఆలస్యంగా కట్టడు. తాగడు, అప్పు చేయడు, ఆదివారం చర్చిలో పూజ తప్పడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకని మనిషి. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే.

ఆరో కాలనీ కూడా ముగించి ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. ఇల్లంటే మిర్చి యార్డు వెనక సందులో ఒక గది, ముందు వరండాలో తడికె కట్టిన వంటచోటు. మార్చి నెల, యార్డులో లారీల కొద్దీ కాయ దిగే కాలం. కిటికీ మూసినా, తలుపు కింద తడిగుడ్డ కుక్కినా ఘాటు లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ సందుకు కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్ముతారు. పాతవాళ్ళు దగ్గుతారు. జోజమ్మకైతే ఊపిరే ఆడదు.

జోజమ్మ ఆయన భార్య. ఇరవై రెండేళ్ళుగా యార్డు పక్క షెడ్లలో మిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తోంది. ఈ దుమ్ములో ఉన్నంతకాలం మందులు మింగినా దండగేననీ, ముందు ఇల్లు మార్చమనీ దవాఖానాలో డాక్టరు డిసెంబరులోనే చెప్పాడు. ఇంత చెప్పినా పనికి ఎందుకు పోతావని అడిగితే, గదిలో కూర్చున్నా పీల్చేది అదే దుమ్ము, పనికి పోతే కూలన్నా వస్తుందనేది.

పోనీ, మారడానికి ఇల్లు లేదా అంటే, ఉంది! ఒళ్ళు మండేది అక్కడే. కారేపల్లి పోయే దారిలో, ఊరికి పది కిలోమీటర్ల అవతల, అరవై ఇళ్ళ కొత్త వెంచరులో ముప్పై ఒకటో నంబరు ఇల్లు వాళ్ళదే. రెండు గదులు, హాలు, వంటిల్లు, ముందు చిన్న వరండా. హైదరాబాదులో నర్సుగా చేస్తున్న కూతురు బ్లెస్సీ బ్యాంకు లోను తీసింది. తల్లీకూతుళ్ళ పేర రిజిస్ట్రేషను జనవరిలోనే అయిపోయింది. రెండు నెలలుగా ఆ ఇంటి తాళంచెవి సైటు ఆఫీసు బోర్డుకు వేలాడుతోంది. ఆంథోని తీసుకోడు.

"ఇయ్యాల పనికి పోను," అంది జోజమ్మ. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. మెడ దగ్గర ఎముకలు ఊపిరికొకసారి పైకి లేస్తున్నాయి.

"పోకు. పండుకో."

"ఏడ పండుకోవాలె? ఈ ఘాటులనా?"

"ఇంకో ఇరవై రోజులు ఓపిక పట్టరాదు. ఈస్టర్ అయిపోతది."

"ఇరవై రోజులంటే నీకు ఇరవై చుట్లు లెక్క. తిప్పితే అయిపాయె." దగ్గు వచ్చింది. ఆగేదాకా చెయ్యెత్తి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. "చాపేసుకుని పండుకుందాం రావయ్యా అంటే వినవేంది? పొయ్యి నేను పట్టుకొస్త. ఫాదర్ గారు రేపే వస్తనన్నడు గదా."

"వస్తడు. ప్రార్థన జేసి, నీళ్ళు చల్లి పోతడు. వచ్చినోళ్ళకు ఏం పెడ్తవ్? పప్పా?"

ఇదీ ఆయన పట్టుదల. ఈస్టరుకు ముందు నలభై రోజులూ తపస్సుకాలం, వాళ్ళ చర్చి విచారణలో ఎవరూ మాంసం ముట్టరు. ఇంటిని దీవించడానికి తపస్సుకాలం అడ్డం కాదని ఫాదర్ గారు స్పష్టంగానే చెప్పారు. అడ్డం విందుకు. ఆంథోనికి కావలసింది విందే.

ఎందుకంటే ఆయన ఇంతవరకు సొంత గుమ్మంలో నిలబడింది లేదు. తండ్రి మధిరలో ఒక మిషను బడికి కాపలాదారు. బడి వెనక గదిలో పుట్టాడు, తండ్రి పోయిన నెలకే గది ఖాళీ చేశాడు. అప్పటినుంచి పదకొండు కిరాయి ఇళ్ళు. తెలిసినవాళ్ళ ఇళ్ళ ఆశీర్వాదాలకు నలభైకి తక్కువ కాకుండా వెళ్ళి ఉంటాడు. ప్రతిచోటా ఉతికిన చొక్కా వేసుకుని, కానుకగా స్టీలు గిన్నె ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, చివరి బంతిలో కూర్చుని తిని వచ్చాడు. ఎవరూ అవమానించలేదు. ఎవరూ గేటు దాకా ఎదురు వచ్చిందీ లేదు. ఒక్కపూట తన గేటు దగ్గర తాను నిలబడి, వచ్చినవాళ్ళకు దండం పెట్టి, "రాండి రాండి, తినకుండ పోవద్దు" అనాలి. మటన్ వడ్డించాలి. అంతే కోరిక. అది జోజమ్మకూ తెలుసు. తెలుసు కాబట్టే రెండు నెలలు ఊరుకుంది.

గంజన్నం తిని ఆంథోని బండి తీశాడు. పోయేది వెంచరుకే. విందు ఒక కారణమైతే, తాళంచెవి తీసుకోకపోవడానికి ఆయన దగ్గర రెండో కారణం కూడా ఉంది. చొక్కా జేబులో మడిచిన కాగితం మీద ఆ ఇంట్లో బిల్డరు వదిలేసిన తప్పులు పద్నాలుగు వరసలున్నాయి.

"మళ్ళీ వచ్చారా అండీ?" అన్నాడు సైటు మేనేజరు జయప్రకాశ్. సత్తుపల్లి వైపు రైతుల బిడ్డ, ఎంత చిరాకు వచ్చినా 'అండీ' వదలడు. బోర్డు మీది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళన్నా తీసుకోండి ఆంథోని గారూ. మీ ఒక్కరిదే మిగిలిపోయింది."

"తర్వాత సంగతి. తలుపు తీయ్, నడువు."

ఇంట్లోకి వెళ్ళగానే ఆంథోని సంచిలోంచి నీళ్ళ సీసా తీశాడు. కొత్త ఇల్లు చూసేవాళ్ళు గోడలు చూస్తారు, రంగులు చూస్తారు. ఈయన నీళ్ళు పోసి చూస్తాడు. వంటింటి గట్టు మీద పోశాడు, వరండాలో పోశాడు. చివరికి బాత్రూములో మోకాళ్ళ మీద కూర్చుని, గోడ వారగా సన్నటి ధార పోసి, చెంప నేలకు ఆనేటంత వంగి చూశాడు. నీళ్ళు మూలనున్న జాలీ వైపు ఒక జానెడు పోయి, మనసు మార్చుకుని, గడప వైపు తిరిగాయి.

"ఎటు పోతున్నయ్?"

"కొంచెం ఇటు వస్తున్నాయండీ."

"కొంచెమా? మొత్తం గడప కాడికే వస్తున్నయ్ గదయ్యా!"

"వైపరుతో లాగేస్తే పోతాయండీ. అందరూ అదే చేస్తున్నారు."

ఆంథోని లేచి నిలబడ్డాడు. దిగిన కుడి భుజం ఇంకా దిగింది. "ఇరవై ఆరేండ్లు ఊరందరికీ నీళ్ళు పంపినోన్ని. నా ఇంట్ల నీళ్ళు ఎనక్కి నడుస్తయా? బండలు తీపియ్. వాటం సరిజేసి మళ్ళ ఏపియ్."

"చేయిస్తానండీ, వారంలో చేయిస్తాను. ముందు తాళం తీసుకోండి."

"తాళం తీసుకున్నంక నీ ఫోను మోగదు. నాకు దెల్వదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. పక్క ఇంట్లో చేరిన దీపిక అనే టీచరు జనవరి నుంచి వంటింటి అరల తలుపుల కోసం ఫోన్లు చేస్తూనే ఉంది. గోడవతల బట్టలు ఆరేస్తూ ఆమె ఇదంతా విని నవ్వింది.

"తలుపులు వచ్చినప్పుడు వస్తాయి అంకుల్. మేమైతే వచ్చేశాం. ఆంటీని తీసుకొచ్చేయండి, గాలి ఎంత బాగుందో చూడండి."

గాలి బాగానే ఉంది. తూర్పున మామిడితోటలు, వాటి అవతల అడవి మొదలయ్యే గుట్టలు. ఇప్పపూలు రాలే కాలం కావడంతో అటునుంచి వచ్చే గాలిలో తియ్యటి వాసన ఉంది. ఆంథోని ఆ గాలినే రొమ్ము నిండా పీల్చాడు, వదిలాడు. కాగితం తీసి, పదిహేనో వరస రాసుకున్నాడు: బాత్రూము వాటం. ఏం మనిషండీ! ఆ గాలి ఎవరికి కావాలో ఒక్క క్షణం తట్టి ఉంటే ఎంత బాగుండేది. తట్టలేదు. తాళంచెవి బల్ల మీదే వదిలేసి, భోజనాల వేళకు ఊళ్ళోకి వచ్చేశాడు. మున్సిపాలిటీ స్టోరు దగ్గర వేరే వాల్వుమనుషులతో కూర్చుని, ఈ బిల్డర్ల మోసాలన్నీ ఏకరువు పెట్టి, నాలుగింటికి సాయంత్రం నీళ్ళకు బయల్దేరాడు.

రెండో కాలనీలో కడ్డీ మీద రెండు చేతులూ ఉన్నప్పుడు జేబులో ఫోను మోగింది. తొమ్మిది, పది, పదకొండు. మోగీ మోగీ ఆగిపోయింది. ఇరవై రెండూ అయ్యాక తీసి చూస్తే జయప్రకాశ్. "వీని పని ఇంతే. సంతకం కోసం సంపుతడు," అని లోపల పెట్టేసుకున్నాడు.

ఆరున్నరకు సందు మొదట్లో బండి ఆపాడు. గదికి గొళ్ళెం పెట్టి ఉంది, తాళం లేదు. పక్కగది సుజాత గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆయన్ని చూసి చేట పక్కకు పెట్టింది.

"అక్క కొత్తింటికి పోయిందన్నా. రెండింటికే పోయింది."

"ఎవరు? జోజమ్మనా?"

"అవ్. ఆటో పిలిపించుకుంది. చాప, చిన్న పొయ్యి, మందుల సంచి, నాలుగు బట్టలు. నేనే ఎక్కించిన."

"తాళంచెవి ఎట్ల దొరికింది?"

"ఆఫీసుల సంతకం పెట్టి తీసుకున్నదంట. ఇల్లు నా పేరు మీదనే ఉన్నది గదా అన్నదంట. చేరినంక నాకు ఫోన్ చేసింది."

ఆంథోనికి తల తిరిగినంత పనైంది. పద్నాలుగు, కాదు, పదిహేను తప్పులు! ఒక్క సంతకంతో అన్నీ ఒప్పేసుకుని వచ్చింది మహాతల్లి. ఇక వాడు ఫోనెత్తుతాడా?

"నాకేం చెప్పమన్నది?"

సుజాత నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "నిన్నేం తొందరపడొద్దన్నది. ఈస్టర్ అయినంక, ఫాదర్ గారిని ఎంటబెట్టుకుని, అందరితోపాటు అన్నానికి రమ్మన్నది. గేటు కాడ తనే నిలబడి పిలుస్తదంట నిన్ను."

ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఫోను చేశాడు. తిట్టడానికే చేశాడు.

"ఆ," అంది జోజమ్మ.

"ఏందే ఇది? బుద్ధుందా? నలుగురూ ఏమనుకుంటరు? బాత్రూంల నీళ్ళన్నీ గడప కాడికే వస్తయ్!"

"వచ్చినయ్. గుడ్డతోని తుడిచిన."

"రేపు పొద్దున..."

"కిటికీ కాడ చాపేసుకున్ననయ్యా. మధ్యాహ్నం నిద్ర పట్టింది. మూడు గంటలు పండుకున్న, లేపినోళ్ళు లేరు."

ఆంథోని ఆగాడు. తర్వాత రావలసిన దగ్గు కోసం ఆగాడు. ఆమె ఎప్పుడు మాట్లాడినా రెండు మాటలకొకసారి దగ్గేది, ఆ దగ్గు ముగిశాక తన మాట అందుకోవడం ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. దగ్గు రాలేదు. అవతల ఏదో గిన్నె చప్పుడైంది, అంతే.

"అన్నం తిన్నవా?" అన్నాడు. అడగాలనుకున్నది అది కాదు.

"వండుతున్న. నీకు ఉట్టి మీద పెట్టొచ్చిన, తిను." ఫోను పెట్టేసింది.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. మంచం, టీవీ, గిన్నెలు, బియ్యం డబ్బా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె లేకపోయేసరికి గది పెద్దదైపోయింది. యార్డులో కాంటా దగ్గర ఎవరో బస్తాలు దించుతున్నారు, దించినప్పుడల్లా కిటికీ సందుల్లోంచి ఘాటు వస్తోంది. ఆంథోని దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. కోపం ఇంకా పోలేదు. ఆ కోపం ఎవరి మీదో మాత్రం ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాడు.

నీళ్ళు తాగుదామని లేచినప్పుడు తలుపు వెనక మేకుకు వేలాడుతున్న గుడ్డ కనిపించింది. షెడ్డులో పని చేసేటప్పుడు జోజమ్మ ముక్కుకూ నోటికీ కట్టుకునేది. పాత నూలుచీర చింపి, అంచులు మడిచి కుట్టుకున్నది. రోజూ చూసేదే, చేత్తో ముట్టింది మాత్రం ఇదే మొదలు. ఎందుకు చేశాడో ఏమో, తీసి తన ముక్కుకు అడ్డంగా చుట్టి, వెనక ముడి వేసుకుని ఊపిరి పీల్చాడు. ఒక్క ఊపిరికి కళ్ళు మండాయి. రెండో ఊపిరి అందలేదు. ముడి విప్పకుండానే గుడ్డ లాగేసి గోడ పట్టుకుని చాలాసేపు దగ్గాడు. ఇరవై రెండేళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె పీల్చింది ఇదీ. తాను ఇరవై రోజులు ఆగమన్నది ఇందులోనే.

గుడ్డను మళ్ళీ మేకుకు తగిలించి, ఉట్టి మీది అన్నం గిన్నె దించి సంచిలో పెట్టుకున్నాడు. మంచం కిందినుంచి రెండో చాప లాగి, దులిపి, చుట్టి, బండి వెనక తాడుతో కట్టాడు. "ఏందన్నా, ఈస్టర్ ఇయ్యాలే వచ్చిందా?" అని సుజాత అంటే వినపడనట్టు బండి స్టార్టు చేశాడు. జేబులో కాగితం జేబులోనే ఉంది. పొద్దున నాలుగింటికే లేచి పది కిలోమీటర్లు రావాలి, లేకపోతే మొదటి కాలనీవాళ్ళు ఊరుకోరు, అది కూడా లెక్క వేసుకున్నాడు.

తొందరలో తెరిచి వదిలేసిన తలుపు వెనక గుడ్డ మళ్ళీ మేకుకే ఉంది, చుట్టూరా ఉతికి ఉతికి తెల్లబడినా ముక్కు తగిలే చోట మాత్రం అరచేయంత మేర ఎర్రగా.