నిండుగా పోసిన గిన్నె

మర్గిలాన్ ఊళ్లో పట్టు మిల్లు వెనక సాలిజాన్ టీ దుకాణం ఉంది. కూర్చుని టీ తాగడానికి ఆరు పెద్ద మంచాలు, రెండు మల్బరీ చెట్లు. అన్నిటికన్నా నీడగా ఉన్న మంచం పేటపెద్ద నిషాన్‌బాయ్‌ది. పొద్దున ఎక్కితే పొద్దుగూకేదాకా దిగడు. నోరు మూయడు. అతని మాటలు భరించలేక చదరంగం ఆడేవాళ్లు పక్క పేటకు పోయారు. కౌజుపిట్టలు పెంచేవాళ్లు వాళ్ల వెంట పోయారు. రోజూ వచ్చేవాడిక చిత్రకారుడు హోషిమ్ ఒక్కడే.

హోషిమ్‌కి పోవడానికి వేరే చోటు లేదు. భార్య పోయి నాలుగేళ్లు. ఇంట్లో రెండు టీ గిన్నెలుంటే ఒకటే తడుస్తోంది. ఆమె దినం నాడు నిషాన్‌బాయ్ గంటసేపు మాట్లాడి పలావంతా చల్లారబెట్టాడు. హోషిమ్ అది మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

"ఇలాగే సాగితే చలికాలానికి తలుపులు మూసేస్తా అన్నా," అన్నాడు సాలిజాన్.

"అతన్ని పొమ్మని చెప్పు."

"వచ్చినవాణ్ని నోటితో ఎలా పొమ్మంటాం? మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"నోటితో వద్దులే. గోడ ఖాళీగా ఉందిగా."

గోడ మీద బొమ్మ వేయాలంటే పేటపెద్ద ఒప్పుకోవాలి. హోషిమ్ ఒకప్పుడు మిల్లు గోడపత్రికలో ఆలస్యంగా వచ్చేవాళ్ల మీద వ్యంగ్యచిత్రాలు వేసినవాడు. నిషాన్‌బాయ్‌కి అది గుర్తుంది.

"మనుషుల్ని వెయ్యకు," అన్నాడు. "నువ్వు ముక్కులు సాగదీస్తావు, వాళ్లొచ్చి నా దగ్గర ఏడుస్తారు. పళ్లూ కూజాలూ వెయ్యి. ఈ కాలం పద్ధతిలో ఉండాలి."

"మీరన్నట్టే."

పదకొండు రోజుల్లో బొమ్మ పూర్తయింది. సగం గోడంతా ఒకే ఖర్బూజా. దానికి మూడు మడతల గడ్డం, పెట్టుకుందామన్నా అందని నడుంపట్టీ. తొడిమ, నీతులు చెప్పే వేలులా పైకి లేచి ఉంది. పక్కన ద్రాక్షపళ్లన్నీ చెవులు మూసుకున్నట్టు ముడుచుకుని అవతలికి తిరిగాయి. మూలన రాగి అతుకులు వేసిన పగిలిన టీ కూజా. ఖర్బూజా ముందు అంచుదాకా నిండిన గిన్నె.

ఆ ఊళ్లో గిన్నెలో రెండు గుక్కలే పోస్తారు. మళ్లీ మళ్లీ పోయడమే ప్రేమ. నిండా పోస్తే, తాగి లేవమని.

నిషాన్‌బాయ్ బొమ్మను చాలాసేపు చూశాడు. సాలిజాన్ చెమటలు తుడుచుకున్నాడు.

"ఆ ఖర్బూజా నేనే కదూ? దాచకు హోషిమ్, ఆ ఠీవి చూస్తే తెలియడం లేదా?"

గిన్నె అతని కంట పడలేదు. మర్నాటి నుంచి బంధువుల్ని వెంటబెట్టుకొచ్చి చూపించడం మొదలెట్టాడు.

"నిలువునా ముంచావన్నా," అన్నాడు సాలిజాన్. "ఇదివరకు ఒక్క నోరే."

అయితే బొమ్మ సంగతి ఊరంతా పాకింది. చదరంగంవాళ్లు తిరిగొచ్చారు. గిన్నె చూసి బల్ల కింద తలలు దాచుకుని నవ్వేవారు. ఎవరూ పైకి అనలేదు.

ఐదో రోజు నిషాన్‌బాయ్ మామగారు గఫూర్‌జాన్ వచ్చాడు. ఎనభై దాటినవాడు. కళ్లద్దాలు తుడుచుకుని గోడకు దగ్గరగా వెళ్లాడు.

"పండు బాగుంది అల్లుడూ. అచ్చం నువ్వే. కానీ నీకు అంత నిండుగా పోసిందెవరు?"

చదరంగం గుర్రం ఒకడి చేతిలోనే ఆగిపోయింది. సమోవర్‌లో నీళ్లు మరగడం అందరికీ వినబడింది. ఆ చప్పుడు అక్కడ వినబడి ఏళ్లయింది.

"హోషిమ్," అన్నాడు నిషాన్‌బాయ్ మెల్లగా, "కొంచెం ఎక్కువ పోశావు."

"పోశాను."

"తగ్గించు."

"ఆరిన రంగు వంపితే పోదు పెద్దాయనా. మీరు రెండు గిన్నెలు తాగి లేచిన రోజున వేలెడు తగ్గిస్తా."

ముందు మామగారు నవ్వాడు, పళ్లు లేని నోటితో. నిషాన్‌బాయ్ ముఖం కందింది. తర్వాత అతని పొట్ట కదలడం మొదలైంది, దాంతో మంచం కూడా. నవ్వి నవ్వి టోపీ పెట్టుకుని లేచాడు. ఇంకా మధ్యాహ్నం కాలేదు.

మర్నాడు రెండు గిన్నెలు తాగి లేచాడు. హోషిమ్ కుంచె తీసి వేలెడు తగ్గించాడు. ఒకరోజు మూడోది తాగాడు. హోషిమ్ మళ్లీ పెంచాడు.

"ఇది అన్యాయం."

"మూడోది ఎవరు తాగారు?"

"ఆయనే, ఆయనే," అన్నారు చదరంగంవాళ్లు.

దానిమ్మలు పండేసరికి గోడ మీది గిన్నెలో రెండు గుక్కలే మిగిలాయి. ఆరు మంచాలూ నిండాయి.

"ఆ మూల అతుకుల కూజా ఎవరు, అన్నా?" అడిగాడు సాలిజాన్ హోషిమ్‌కి టీ తెచ్చి.

"కూజా అంటే కూజాయే. పని చూసుకో."

సాలిజాన్ అతని గిన్నెలో రెండు గుక్కలు పోశాడు.

"ఇంతేనా? పిసినారీ."

"మళ్లీ పోస్తాగా."

హోషిమ్ గొణుక్కుంటూ కాళ్లు చాపుకున్నాడు.