డాక్టరుగారి బొటనవేలు

ఏం చెప్పమంటారు ఆ సిగ్గుమాలిన తతంగం! ఇదివరకు సర్కారు సాయం కోసం మా జీడి కాల్పుల పేట ఆడవాళ్ళు మూడు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళు. ఇప్పుడంతా సులువు చేశారట. యంత్రం మీద బొటనవేలు ఆనిస్తే చాలట. ఆ మాట వినగానే పేటంతా పగలబడి నవ్వింది. జీడిగింజలు కాల్చి కొట్టేవాళ్ళ వేళ్ళకి గీతలెక్కడ మిగులుతాయండీ? తొక్కలోని నూనె ఎప్పుడో తినేసింది. ఆ సులువు కనిపెట్టిన మహానుభావుడు ఒక్కసారైనా వచ్చి మా చేతులు చూసిన పాపాన పోలేదు.

జొసెల్మా మాత్రం నవ్వలేదు. చచ్చిపోయిన కూతురి బిడ్డ, రెండేళ్ళ రవానె, ఆమె చంకలో ఉంది. పసిదాని పాలు ఆ డబ్బుతోనే. అందుకే మా పేటలో వేలిముద్ర పడాల్సి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు చేసే పనే తనూ చేసింది. రెండు వారాలు గింజ ముట్టకుండా, కొబ్బరినూనె రాసుకుంటూ, కొత్త చర్మం రావాలని కూర్చుంది.

"పెళ్ళికూతురిలా చేతులు దాచుకుంటున్నావే అక్కా!" అని పక్కింటి ఇవానిల్దె ఎగతాళి చేసింది.

"నీ నోరు పడ! పాప పాల కోసమే తల్లీ," అంది జొసెల్మా.

ఆ రెండు వారాల్లో గింజల బట్టీ మేస్త్రీ ఆమె చోట్లో ఇంకొకామెని కూర్చోబెట్టేశాడు.

యంత్రం ప్రారంభానికి రాజధాని నుంచి ఆ సాయం శాఖ అధికారి డాక్టర్ ఎవెరాల్దో దిగాడు. మా వైపు సూటు వేసినవాణ్ణల్లా డాక్టరనే అనాలి. సూది వెయ్యడం మాత్రం ఒక్కడికీ రాదు. బ్యాండు మోగింది, కెమెరాలు వచ్చాయి. అతను జనంలోంచి జొసెల్మాని ముందుకి లాగాడు. చెయ్యి పట్టుకునే ముందు జేబురుమాలు తీసి, చేపని తుడిచినట్టు ఆ చేతిని తుడిచాడు. ఆమెకి ఒళ్ళు మండింది. అయినా వేలు ఆనించింది.

ఎర్ర దీపం. మళ్ళీ ఎర్ర దీపం.

"గట్టిగా నొక్కవమ్మా!" అని కసిరాడు.

ఊహూఁ. అప్పుడా పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? కెమెరాలకి వీపు అడ్డం పెట్టి, తన బొటనవేలే నొక్కేశాడు! పచ్చ దీపం వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు.

"అది మీ వేలు కదా సారూ!" అంది జొసెల్మా.

"ష్! ఏదో ఒక వేలు. నవ్వు, ఫోటో తీస్తున్నారు."

తీరా డబ్బు తెచ్చుకుందామని వెళితే మళ్ళీ ఎర్ర దీపమే.

"నీ పేరు మీద వేరే ఎవరి వేలో ఉంది పెద్దమ్మా. ఆ వేలుగలాయన వచ్చి ఒప్పుకుంటేనే మారుస్తాం," అంది కౌంటర్లో పిల్ల. జరిగింది చెబితే కిసుక్కున నవ్వింది.

ఇంట్లో పాపకి కర్రపెండలం పిండి జావే గతయింది. పసిది ఆ జావ ఉమ్మేసి, పాలు పాలని ఏడుస్తోంది. జొసెల్మా దాన్ని చంకనేసుకుని, గింజల లారీ ఎక్కి రాజధానికి పోయింది.

డాక్టరు గదిలో గోడకి పెద్ద ఫోటో. అందులో ఆమె చెయ్యి పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"నా వేలని ఎలా ఒప్పుకుంటానమ్మా? ఉద్యోగం ఊడుతుంది," అని తలుపు మూసి గొంతు తగ్గించాడు. "దీనికో సులువైన దారుంది. నువ్వు చనిపోయినట్టు రాయించేస్తాను. పాత పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత బతికే ఉన్నానని అర్జీ పెట్టుకో."

"అందాకా దీని పాలు?"

"దానికి వేరే శాఖ ఉంది."

ఛీ! ఇలాంటివాడి ముందా తను చెయ్యి చాచి నిలబడింది! ఏడుస్తున్న పాపని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుంది.

"పాలకి వేలిముద్ర కావాలన్నారు. చావడానికి అక్కర్లేదా సారూ?"

"అక్కర్లేదు పెద్దమ్మా," అన్నాడతను, పనైపోయిందన్న సంబరంతో. "అది ఎప్పుడో సులువు చేసేశాం."