సదయ్య కాక కాంటెస్సా, నా వెల్డింగు

సదయ్య కాక కాంటెస్సా కారును మూడోసారి తాడు కట్టి లాక్కొచ్చారు, ఈసారి నా రిపేరు షెడ్డుకు. వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ రాడ్డు మళ్లీ తెగింది. ఆ సమయానికి మా నాన్న తమ్ముడు ఖైజర్ చాచా నా షెడ్డులోనే ఉన్నాడు.

"సుమైరా, గోదావరిఖనిల ముగ్గురు మెకానిక్‌లు చేతులెత్తేసిన బండి గిది. నువ్వు చేస్తవా? చెయ్యి, చూస్త. మళ్ల తాడు మీద వాపస్ వచ్చిందనుకో, షెడ్డు నాకు అప్పజెప్పి ఇంట్ల కూసో," అన్నాడు.

"సరే చాచా," అన్నాను.

నా నోటికి తొందరెక్కువ. మా అబ్బా, అదే నాన్న, పోయాక నాకు మిగిలింది ఈ షెడ్డూ, ఆయన నేర్పిన పనీ. చాచా ఇక్కడ సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలని ఏడాది నుంచి కాచుకుని కూర్చున్నాడు.

సదయ్య కాక బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గని పైకప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఆ నల్ల కాంటెస్సా అంటే ఆయనకు ప్రాణం. అందులో పెద్ద డీజిల్ ఇంజను వేయించుకుని మురిసిపోయాడు. గోదావరి రేవు నుంచి రోడ్డెక్కే ఎత్తు మీద ఆ ఇంజను గుంజినప్పుడల్లా వెనక యాక్సిల్ పటుక్కుమంటోంది.

ముగ్గురు మహానుభావులూ డిక్కీ మీద పేరు చూసి కాంటెస్సా రాడ్లు తెచ్చి బిగించారు. కిందికి దూరి చూసినవాడు ఒక్కడూ లేడు. నేను దూరాను. తెగినదాని చోట లెక్క కోసం ఒక రాడ్డు ఎలాగో దూర్చి, ఒక చక్రాన్ని మాత్రమే పైకి లేపి, దాని మీదా ఇంజను నుంచి వెనక్కి వచ్చే మధ్య షాఫ్టు మీదా సుద్దతో గీతలు పెట్టాను. చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాను. లెక్క కాంటెస్సాకు కలవలేదు. యాక్సిల్ కవరు బోల్టుల లెక్కా కలవలేదు. ఎప్పుడో ఎవడో అసలు యాక్సిల్ పీకేసి ఏదో చిన్న వ్యానుది తగిలించాడు. రాడ్ల కొసలు ఆకురాయితో అరగదీసి బలవంతంగా దూర్చారు. తెగక ఏం చేస్తాయి?

ఆ వ్యానుకు సరిపోయే రాడ్లే తెప్పించాను. ఆ పెద్ద ఇంజను బలానికి, రాడ్లను కప్పి ఉంచే యాక్సిల్ గొట్టం పలచన కాబట్టి, యాక్సిల్ మొత్తం దించి, దాని కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా మందపాటి ఇనుప పట్టీ పెట్టి వెల్డింగు చేశాను. ఒకేచోట కాలిస్తే గొట్టం వంగుతుందని కాసేపు ఇటు, కాసేపు అటు అతికించాను. పని నాకే ముద్దొచ్చింది.

సదయ్య కాక వచ్చి, స్టాండు మీదున్న యాక్సిల్ చుట్టూ తిరిగి, చిన్న సుత్తి అందుకుని అంగుళం అంగుళం కొట్టాడు. కుడివైపు ఖంగుమంది. ఎడమవైపు ఒకచోట డొల్లగా మోగింది.

"బిడ్డా, ఈడ పగులున్నది," అన్నాడు.

"కొత్త వెల్డింగు కాకా అది."

"వెల్డింగు సంగతి నాకెర్క లేదు. బాయిల దిమ్మె పెట్టేముందు కప్పు కొట్టి సూస్తం. గట్టి బండ ఖంగుమంటది, పగిలింది గిట్ల మోగుతది. ముప్పై ఒక్క ఏండ్లు గా సప్పుడు ఇనే బతికిన."

చాచా పకపకా నవ్వాడు. పక్క షెడ్డు మెకానిక్ జైపాల్ కూడా నవ్వాడు. నా ఒళ్లు మండిపోయింది. నా వెల్డింగుకు వంక పెట్టడానికి ఈయనెవరు అనిపించింది. కానీ ఆయన ముఖంలో వెక్కిరింపు లేదు, భయం ఉంది. గ్రైండరు తీసుకుని, అందరి ముందూ నా పట్టీని నేనే కోసేశాను. గొట్టం మీద పాత రంగు గీకితే వేలెడు పొడవున పగులు కనపడింది. పట్టీ కూర్చునే మేరకే శుభ్రం చేసి, పక్కన రంగు వదిలేశాను. తప్పు నాదే.

"బంద్ చేస్తవా ఇగ?" అన్నాడు చాచా.

"బండి ఇంకా రోడ్డెక్కలే చాచా. జల్దీ ఏంది నీకు?"

రెండు రోజులు పట్టింది. గొట్టం మొత్తం గీకి, పగులు కోసి నింపి, పట్టీ మళ్లీ అతికించి, యాక్సిల్‌ను బండికి బిగించాను. మూడో రోజు సదయ్య కాక, బరువు కోసం ఫస్టు షిఫ్టు దిగిన నలుగురు గని కార్మికులు బండెక్కారు. స్టీరింగు నేను పట్టాను. చాచా స్కూటరు మీద వెనకే వచ్చాడు.

రేవు ఎత్తు సగం ఎక్కాక, మూడుసార్లూ యాక్సిల్ తెగిన చోటే కావాలని ఆపాను. ఫస్టు గేరు వేసి క్లచ్చు వదిలాను. బండి ఎక్కింది. వెనక్కి దింపి మళ్లీ అక్కడే ఆపాను. మళ్లీ ఎక్కింది. మూడోసారి కూడా ఎక్కించాకే రోడ్డు మీద పక్కకు ఆపాను.

చాచా స్కూటరు దిగి, "షెడ్డు నడుపుకో బేటీ. బోర్డు మీద మాత్రం నా కొడుకు పేరు పెట్టు. ఆడపిల్ల పేరు సూస్తే బండ్లెవరు తెస్తరు?" అన్నాడు.

షెడ్డుకు వచ్చి, కాంటెస్సా వెనక భాగాన్ని లేపి, వెల్డింగు రాడ్డు పట్టుకుని కిందికి దూరాను. ఇనుప పట్టీ మీద పెద్ద అక్షరాలతో నా పేరు కాల్చి రాశాను.

సదయ్య కాక వంగి చూశాడు. "ఆడ రాస్తే ఎవలు సూస్తరు బిడ్డా?"

"రిపేరు చెయ్యనీకి కిందికి దూరినోడు చూస్తడు కాకా. నా పేరు ఆడే చూడాలె."