ఆయన ఫోన్ నంబరు

పప్పులో ఉప్పు లేదని మా అత్త చిలకమ్మ కంచం పక్కకు నెట్టింది. “ఏసినానత్తా, మీ నోరే సప్పబడిపోనాది” అన్నాను. మా ఆయన తల ఎత్తకుండానే, “దానికి అమ్మోనియా ఎక్కీసినాదమ్మా, ఏటేటో అంటాది. నువ్వు తిను” అన్నారు.

ఇదీ వరస. లివర్ చెడితే ఒంట్లో అమ్మోనియా పెరిగి ఒక్కోసారి మతి తప్పుతుందని డాక్టరు చెప్పాడు. మార్చిలో నిజంగానే తప్పింది. స్టవ్ మీద పెట్టిన పాలగిన్నెని స్నానాలగదిలో వెతుక్కున్నాను. ఆ ఒక్క గిన్నె చాలింది వీళ్ళకి. ఇప్పుడు గ్యాస్ అయిపోయిందన్నా అమ్మోనియాయే, నడుం పీకుతోందన్నా అమ్మోనియాయే. తాగుడు అలవాటుందా అని చుట్టాలు చాటుగా ఆరా తీసినప్పుడు కూడా ఇంత మండలేదు నాకు. చుక్క ముట్టనిదాన్ని. నా ఒంట్లో రోగాల్ని ఆపాల్సిన శక్తే నా లివర్ మీద పడిందట.

లివర్ మార్చాలన్నారు. ఇంట్లో ఎవరి లివరూ నాకు కుదరలేదు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళది దొరికితే ఫోన్ చేస్తారు, నాలుగు గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. ఆ ఫోన్ వచ్చేది మా ఆయనకి. ఫారం నింపింది ఆయన మరి.

నెలనుంచి ఆ ఫోన్ బోర్లా పడి ఉంటోంది. మోగితే బాల్కనీలోకి పోతారు. ఆటోనగర్‌లో లేతు షాపుంది, ఏ పార్టీయో అనుకోవచ్చు. కానీ ఎవరని అడిగితే “నీకెందుకే” అనే మనిషి, ఇప్పుడు “రాంగ్ నంబరు రమణీ” అని మెత్తగా చెబుతున్నారు. ఇరవై రెండేళ్ళలో చూడని మెత్తదనం. ఎవతో ఉందనుకున్నాను. మళ్ళీ నా అనుమానం మీద నాకే అనుమానం. ఇది నా బుద్ధా, అమ్మోనియానా? ఛీ, సొంత తలకాయని నమ్మలేని బతుకూ ఒక బతుకేనా! అందుకే రోజూ బియ్యం కడుగుతూ పదమూడో ఎక్కం వెనకనుంచి అప్పజెప్పుకుంటున్నాను. ఒక్క తప్పూ పోవడం లేదు.

సోమవారం చెకప్. డాక్టరు నన్నడుగుతాడు, జవాబు ఆయన చెబుతారు. “నిద్ర పడుతోందామ్మా?” “పడతాందండి.” “విరేచనాలు?” “రోజుకి రెండండి.” నా విరేచనాలు కూడా ఆయన నోటినుంచే!

చేతులు చాచమన్నాడు డాక్టరు. చాచాను, అదరలేదు. కాగితం మీద చిందరవందరగా ఉన్న అంకెల్ని వరసగా గీతతో కలపమన్నాడు. టకటకా కలిపేశాను. “తల శుభ్రంగా పనిచేస్తోందమ్మా” అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నాను. కంప్యూటర్ ముందున్న, లివర్ల వరస చూసే కోఆర్డినేటర్ కుసుమకుమారి వైపు తిరిగాను.

“నాకోసం ఎప్పుడైనా ఫోన్ సేసినారామ్మా?”

“రాలేదు” అన్నారు మా ఆయన.

“చేశాం కదమ్మా” అంది ఆ అమ్మాయి తెర చూస్తూ. “పోయిన నెల పద్నాలుగు, పొద్దున్న తొమ్మిదిన్నరకి. మీకు జ్వరం, తీసుకురాలేనని సార్ చెప్పారు. వరసలో తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోయింది.”

“జొరమేనండి. దానికి గురుతుండదు, అమ్మోనియా కదేటి.”

పద్నాలుగు. ఆ రోజు మా ఆడపడుచు కూతురి సీమంతం మా ఇంట్లోనే చేశాం. ముప్పై మంది. తొమ్మిదిన్నరకి నేను వాచిన కాళ్ళతో స్టూలు మీద కూర్చుని గారెలు వేస్తున్నాను. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని వంటింటి గుమ్మందాకా వచ్చి, నన్ను చూసి, వెనక్కి వెళ్ళిపోయారు.

“నాకు జొరం లేదు డాక్టరుగారూ. ఆ పూట ముప్పైమందికి గారెలు నానే ఏసినాను.”

మా ఆయన గొంతు తగ్గించి, “ఇంటినిండా సుట్టాలు. నువ్వెలిపోతే ఎవులు వండుతారు? ఇంకోటి రాదేటి అనుకున్నాను” అన్నాడు.

ఇంకోటి! నా ప్రాణం వీడికి సిటీ బస్సు. నెల్లాళ్ళు ఎవతో ఉందని కుమిలాను. ఉన్నా బాగుండేది.

“నంబరు మార్చాలా అమ్మా?” అంది కుసుమకుమారి.

“మార్సండి. మొదటిది నాది. రెండోది మా సెల్లి కనకరత్నంది, సీతమ్మధారలో ఉంటాది. నేటినుంచి నాను కూడా అక్కడే.”

“పేషెంటు బాధ్యులు అన్నచోట సార్ పేరే ఉంచనా?”

పెళ్ళయ్యాక ఎన్నడూ నా నోట పలకని పేరు అది.

“సాయిశంకర్” అన్నాను. “ఆ పేరు కొట్టీయండి.”